గాలివార్త కాదు, మన గొంతు కావాలి

2014 అక్టోబరు 11, శనివారం సాయంత్రం. మర్నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటుతుందని టీవీలన్నీ ఒకటే మోత. మా సంఘం సభ్యులున్న ఒక పల్లెకు వెళ్ళాను. చోడవరానికి దగ్గరే, గెడ్డ ఒడ్డున ఉంటుంది. అరుగు మీద పది పన్నెండు మంది ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. లోపల టీవీ మోగుతోంది. గాలి వేగం గంటగంటకూ పెరుగుతోందని, తీరం దాటే వేళకు గంటకు నూట ఎనభై కిలోమీటర్లకు చేరవచ్చని చెబుతున్నారు. అందరూ వింటున్నారు, ఎవరూ లేవడం లేదు.

అప్పుడొక పెద్దావిడ నన్నడిగింది. "గంటకి నూట ఎనభై అంటే ఏటమ్మా? మా తాటాకు పాక ఉంటాదా, ఊడిపోద్దా, అది సెప్పమను. గేదెని ఇప్పీమంటారా, కట్టీమంటారా, అది సెప్పమను."

పదేళ్ళుగా ఆ ఊళ్ళో హక్కుల గురించి మాట్లాడుతున్న మనిషిని నేను. ఆస్తి హక్కు, కూలి రేటు, గృహ హింస, ఏది అడిగినా చెప్పేదాన్ని. ఆ రెండు ప్రశ్నలకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. "జాగ్రత్తగా ఉండండి పిన్నీ" అని వచ్చేశాను. జాగ్రత్తగా ఉండడమంటే ఏమిటో నేనూ చెప్పలేదు, టీవీ చెప్పలేదు.

మర్నాడు కరెంటు పోయింది. టీవీ పోయింది. ఫోన్లు మూగబోయాయి. ఆ తర్వాత మిగిలింది ఒక్కటే, గాలివార్త. ఎగువ రిజర్వాయరు గట్టు తెగిపోయిందట అని రాత్రి ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలీదు, నిజమో కాదో అడగడానికి మనిషి లేడు. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు ఆ చీకట్లో, ఆ వానలో మెరక మీదున్న బడి వైపు పరుగెత్తారు. ఒకామె జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. గట్టు తెగలేదు. నిజంగా కదలాల్సిన శనివారం సాయంత్రం ఎవరూ కదల్లేదు. అక్కర్లేని రాత్రి అందరూ పరుగెత్తారు. హెచ్చరిక సరిగా అందకపోవడమంటే ఇదే.

ఈ సంచికకు సంపాదకీయం రాయమని మిత్రులు అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పెద్దావిడే. అప్పుడు మాది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చినప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. జిల్లా పేరు మారింది. గెడ్డలు మారలేదు, ఆమె ప్రశ్న కూడా మారలేదు.

ముందుగా ఒక మాట స్పష్టంగా అనుకుందాం. హెచ్చరిక అందడం హక్కు. ఎవరో దయతలచి చేసే సాయం కాదు. 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం 30వ సెక్షను ప్రకారం ముందస్తు హెచ్చరికల ఏర్పాటు చెయ్యడం, సరైన సమాచారం ప్రజలకు చేర్చడం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ బాధ్యత. అదే చట్టం 61వ సెక్షను సహాయంలో స్త్రీ పురుష భేదం గాని, కుల మత భేదం గాని చూపకూడదంటుంది. మరి హెచ్చరిక మగవాడి చెవిన పడి ఆడదాని చెవిన పడకపోతే అది భేదం కాదా? ఊళ్ళో వినిపించి పల్లంలో ఉన్న దళితపేటకు వినిపించకపోతే అది భేదం కాదా?

ఇది మాటవరసకు అనడం లేదు. 1991 ఏప్రిల్ 29న బంగ్లాదేశ్‌లో వచ్చిన తుపానులో లక్షా ముప్ఫై వేలకు పైగా జనం పోయారు. వాళ్ళలో స్త్రీలు పురుషుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. హెచ్చరిక బజార్లలో, మగవాళ్ళు కూడేచోట తిరిగింది. ఇళ్ళలో ఉన్న ఆడవాళ్ళకు ఆలస్యంగా తెలిసింది. తెలిసినా ఇంటాయన రానిదే, ఒప్పుకోనిదే గడప దాటలేక ఆగిపోయినవాళ్ళున్నారు. 2004 డిసెంబరు 26 సునామీలో తమిళనాడు కడలూరు జిల్లాలో 146 మంది పురుషులు చనిపోతే, స్త్రీలు 391 మంది. సముద్రానికి ఆడా మగా తేడా తెలీదు. తేడా ఉన్నది మన ఇళ్ళలో, మన వీధుల్లో. ఈత ఎవరికి నేర్పాం, పిల్లల్ని ఎవరి చంకనెక్కించాం, కబురు ఎవరికి ముందు చెప్పాం అన్నదాంట్లో ఉంది.

మన రాష్ట్రంలోనూ హెచ్చరిక విలువ ఏమిటో మనకు తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా కొట్టుకుపోయారు. 1990 మేలో మళ్ళీ కృష్ణా తీరాన్నే బలమైన తుపాను తాకింది. ముందే లక్షకు పైగా జనాన్ని తరలించారు. అప్పుడు పోయినవాళ్ళు వెయ్యి లోపు. ఆ వెయ్యీ తక్కువేం కాదు. కాని కబురు అందడానికీ అందకపోవడానికీ మధ్య ఎన్ని ప్రాణాలుంటాయో ఈ రెండు తుపానులూ చెబుతాయి.

మాది సముద్రం కనపడే ఊరు కాదు. అందుకే మమ్మల్ని తుపాను ఊళ్ళ లెక్కలో తొందరగా వెయ్యరు. కాని తీరాన గాలి కొడితే లోపల మాకు నీళ్ళు వస్తాయి. పైన కొండల్లో కురిసిన వాన పెద్దేరులోకీ బొడ్డేరులోకీ శారదలోకీ దిగుతుంది. ఎగువన కోనాం, పెద్దేరు, రైవాడ జలాశయాలున్నాయి. 2012లో నీలం తుపాను తమిళనాడులో తీరం దాటింది. నవంబరు మొదటి వారంలో దాని తాలూకు వానకు మునిగింది విశాఖ జిల్లా. తుపాను ఎక్కడో దాటింది గదా అని నిద్రపోయినవాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. తీరం దాటే వేళా, గాలి వేగమూ మాకు సగం కబురే. ఏ గెడ్డ ఎంత పొంగింది, ఏ కాజ్‌వే మీద నీళ్ళున్నాయి, ఏ గేట్లు ఎప్పుడు ఎత్తుతున్నారు అన్నది మిగతా సగం. ఆ సగం చెప్పేవాళ్ళే లేరు.

ఇప్పుడందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా అంటారు. 2023లో దేశమంతటా ఫోన్లకు హెచ్చరిక సందేశాలు పంపి పరీక్షించి చూశారు కూడా. మంచిదే. కాని ఎవరి ఫోను? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం దేశంలో తన చేతిలో తను వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. మిగిలినవాళ్ళకు ఫోను అంటే మొగుడి జేబులోనో, కొడుకు చేతిలోనో ఉండేది. ఆ కొడుకు చదువుకోడానికి విశాఖలో ఉంటే, ఆ మొగుడు పనికి పొరుగూరు పోయి ఉంటే, సందేశం వాళ్ళకే వెళుతుంది. ప్రమాదం మాత్రం పల్లెలో ఉన్న మనిషికి. పైగా అది చదువుకోవలసిన సందేశం. చదువు రాని తల్లికి ఫోను కూత పెట్టిందని తెలుస్తుంది, ఎందుకో తెలీదు.

రేడియో అలా కాదు. రెండు సెల్లు వేస్తే మోగుతుంది. చదువు అక్కర్లేదు. చేతిలో పని ఆపక్కర్లేదు. వంట చేస్తూ, పేడ తీస్తూ, గానుగ దగ్గర బెల్లం పాకం చూస్తూ వినొచ్చు. కరెంటు పోయినా, ఫోను టవర్లు కూలినా దాని గొంతు ఆగదు. తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో ఎఫ్‌ఎం రేడియో ఉంటుంది, నెట్టు లేకుండానే పలుకుతుంది. ఆ సౌకర్యం తీసెయ్యొద్దని 2023లో కేంద్ర ప్రభుత్వం ఫోన్ల కంపెనీలకు చెప్పింది. చెప్పిన కారణాల్లో విపత్తులు ఒకటి.

రేడియో మనకు కొత్త కాదు. రేడియోలో మాట్లాడే మనుషుల్ని అన్నయ్య, అక్కయ్య అని పిలుచుకున్న జాతి మనది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఇంటింటికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. ఆకాశవాణి చేసిన మేలు నేను తక్కువ చెయ్యను. తుపాను రాత్రి ఆకాశవాణి చెప్పే మాట కోసం చెవులు రిక్కించిన తరం నాది. కాని పెద్ద రేడియో జిల్లాలకు జిల్లాలు చూస్తుంది. ఫలానా పల్లె గెడ్డ గురించి, ఫలానా పేట బడి తాళంచెవి ఎవరి దగ్గరుంది అన్నదాని గురించి అది చెప్పలేదు. చెప్పాలంటే దగ్గరి రేడియో కావాలి. మా యాసలో మాట్లాడే రేడియో కావాలి.

అలాంటిది సాధ్యమా అని అడగక్కర్లేదు. తెలుగు నేల మీదే ఆడవాళ్ళు చేసి చూపించారు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ప్రజల ఆస్తి అన్నారు గాని ప్రజల చేతికి రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఈలోగా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఊరుకోలేదు. అనుమతి లేకపోతేనేం, మాటలు రికార్డు చేసి క్యాసెట్లు సంఘం కూటాల్లో వినిపించారు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, కరువు గురించి మాట్లాడుకున్నారు. కరువు కూడా విపత్తే కదా, కాకపోతే చప్పుడు చెయ్యకుండా వస్తుంది. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో పెట్టుకునే వీలు కల్పిస్తూ కేంద్రం కొత్త విధానం తెచ్చింది. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. దాన్ని ప్రారంభించింది ఆ తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే. దళిత స్త్రీలు నడిపే రేడియో దేశంలో అదే మొదటిది. జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ ఆ మైకు ముందు కూచున్నారు. వాళ్ళు ఏ విశ్వవిద్యాలయంలోనూ ప్రసార విద్య చదువుకోలేదు.

రామేశ్వరం పక్కన పాంబన్ దీవిలో మత్స్యకారుల కోసమే 2016లో కడల్ ఓసై అనే రేడియో పెట్టుకున్నారు. వేటకు పోయేవాళ్ళకు గాలి ఎలా ఉంది, సముద్రం ఎలా ఉంది అన్నది వాళ్ళ మాటలోనే చెబుతారు. బంగ్లాదేశ్‌లో తుపాను సన్నద్ధత కార్యక్రమానికి ఇప్పుడు 76 వేల మంది స్వచ్ఛంద కార్యకర్తలుంటే వాళ్ళలో సగం స్త్రీలు. 1991 నేర్పిన పాఠం అది. ఆడవాళ్ళకు కబురు అందాలంటే కబురు మోసేవాళ్ళలో ఆడవాళ్ళుండాలి.

చోడవరంలో ఒక చిన్న రేడియో ఉంటే ఏం చెబుతుంది? నేను ఆ పెద్దావిడ ప్రశ్నల దగ్గర నుంచే మొదలుపెడతాను. తాటాకు పాక ఈ గాలికి ఆగదు, రాత్రి అయ్యే లోపల బడికి వెళ్ళండి, తాళంచెవి ఫలానావారి దగ్గరుంది, అక్కడ ఆడవాళ్ళకు మరుగుదొడ్డి తెరిపించాం అని చెబుతుంది. పశువుల్ని గుంజకు కట్టి వదిలెయ్యకండి, పలుపు విప్పెయ్యండి అని చెబుతుంది. నెలలు నిండినవాళ్ళని ఈ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, రేపు దారి ఉండదు అని చెబుతుంది. రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టా కాగితాలు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఒంటికి కట్టుకోండి అని చెబుతుంది. గాలి ఒక్కసారిగా ఆగితే అయిపోయిందనుకుని బయటికి రాకండి, తుపాను కన్ను దాటాక ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది అని చెబుతుంది. గట్టు తెగిందన్నది గాలివార్త, ఇప్పుడే మాట్లాడాం, తెగలేదు, చీకట్లో పరుగెత్తకండి అని చెబుతుంది. ఈ ఆఖరి మాట ఒక్కటి ఆ రాత్రి వినిపించి ఉంటే ఆ అమ్మ చెయ్యి విరిగేది కాదు.

గాలి వెలిశాక పని అయిపోదు, అసలు మన పని అప్పుడే మొదలవుతుంది. తెగిన కరెంటు తీగ ముట్టుకోవద్దని, బావినీళ్ళు కాచుకుని తాగమని చెప్పాలి. నష్టం రాసుకోడానికి అధికారులు ఏ ఊరు ఏ రోజు వస్తున్నారో చెప్పాలి. పొలం కౌలుకు చేసిన ఆడమనిషి పేరు జాబితాలో ఉందా, మొగుడు వదిలేసిన ఆమె ఇల్లు ఇల్లుగా లెక్కకొచ్చిందా అని అడగాలి. పరిహారం జాబితా నోటీసు బోర్డు మీద అంటిస్తే చదవగలిగినవాళ్ళకే తెలుస్తుంది. రేడియోలో చదివి వినిపిస్తే ఊరంతటికీ తెలుస్తుంది, దొంగ పేర్లు దాక్కోలేవు.

విపత్తంటే గాలీ వానా మాత్రమే కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదని విచారణ జరిపిన ఉన్నతస్థాయి సంఘం చెప్పింది. మా జిల్లా అచ్యుతాపురంలో 2022లో రెండుసార్లు విషవాయువు పీల్చి మహిళా కార్మికులు పెద్ద సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. ఫ్యాక్టరీ సైరన్ మోగించేది యజమాని చెయ్యి. మన రేడియో మీట మన చేతిలో ఉండాలి.

ఇంతవరకూ చదివి కొందరు మిత్రులు నవ్వుకుంటారని తెలుసు. ఏడాదికో రెండేళ్ళకో వచ్చే తుపాను కోసం రోజూ రేడియో నడుపుతారా అంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఇప్పుడు తిరగేసి అంటాను. రోజూ వినని గొంతును తుపాను రోజున ఎవరూ నమ్మరు. ఈ రోజు అనకాపల్లి మార్కెట్లో బెల్లం ధర ఎంత, పెద్దాసుపత్రిలో ఆడ డాక్టరు ఏ రోజు ఉంటుంది, ఉపాధి పని డబ్బులు పడ్డాయా, ఫలానా అత్త పాడే దంపుళ్ళ పాట, ఇవన్నీ చెప్పిన గొంతే ఆ రాత్రి "లేవండి, కదలండి" అంటే జనం లేస్తారు. నమ్మకం ముందు నాటుకోవాలి, పైరు తర్వాత. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచింది ఎవరో ఉపన్యాసం ఇచ్చినందుకు కాదు. అక్షరాస్యత వాచకంలో వాళ్ళ బతుకే పాఠమై కనపడింది. తమ సంగతి తమ మాటలో వినిపించినప్పుడే మనిషి కదులుతుంది.

కష్టాలు లేవని నేను అనను. చట్టంలోనే కొన్ని ఉన్నాయి. సామాజిక రేడియో ప్రసార శక్తి మామూలుగా నూరు వాట్లకు మించకూడదు, పది పన్నెండు కిలోమీటర్లు వినపడుతుంది. చోడవరం మండలానికీ, బుచ్చెయ్యపేట లాంటి పక్క మండలాల్లో కొన్ని ఊళ్ళకూ చాలు. సొంతంగా వార్తలు చదవకూడదు. వాతావరణం, ప్రకృతి వైపరీత్యాలు, కరెంటు, నీళ్ళు, ఆరోగ్య హెచ్చరికలు వార్తల కిందికి రావు, చెప్పొచ్చు. అయితే వైపరీత్యాల విషయంలో "స్థానిక యంత్రాంగం ఇచ్చిన" ప్రకటనలు అని ఒక మెలిక పెట్టారు. చెరువు గట్టుకు నెర్రె పడిందని పొద్దున్నే గడ్డికి పోయిన ఆడమనిషి చూసింది. యంత్రాంగం ఇంకా చూడలేదు. ఆమె చెప్పొచ్చా, చెప్పకూడదా? ఈ ముడి విప్పమని మనం గట్టిగా అడగాలి. ప్రజల గాలి అన్నాక ప్రజలు కళ్ళతో చూసింది ప్రజలకు చెప్పుకోవడానికి అడ్డేమిటి?

రెండోది మన లోపలి కష్టం. పూర్వం ఊళ్ళో దండోరా వేసేది దళితుడు. ఏం చెప్పాలో నిర్ణయించేది పెద్దిల్లు. గొంతు ఒకరిది, మాట ఇంకొకరిది. మన రేడియో అలా కాకూడదు. చదువుకున్న కార్యకర్త రాసిచ్చిన కాగితం పల్లె అక్క చదివితే అది కొత్త దండోరా అవుతుంది, అంతే. 2024 ఫిబ్రవరిలో సవరించిన మార్గదర్శకాలు సలహా సంఘంలో కనీసం సగం మంది స్త్రీలుండాలన్నాయి. సంతోషమే. కాని ఏ స్త్రీలు? గెడ్డ పొంగితే మొదట మునిగే పేట నుంచి ఎందరు? ఆ లెక్క మార్గదర్శకాల్లో ఉండదు, మనమే పెట్టుకోవాలి. రాత్రి ప్రసారానికి వచ్చే అమ్మాయికి కూలి ఎంత, ఇంటికి తోడు ఎవరు వెళతారు అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఆడవాళ్ళ సేవ ఉచితం అనే పాత పాట మన సంస్థల్లోనూ వినపడుతోంది, దాచుకోనక్కర్లేదు.

మూడోది, స్తంభం. అంత గాలికి మన రేడియో స్తంభం మాత్రం నిలుస్తుందా? నిలవకపోవచ్చు. అందుకని ముందే ఒక చిన్న విడి ఏంటెన్నా, ఛార్జి చేసిన బ్యాటరీలు, పేటపేటకూ ఒక మైకు, ఒక సైకిలు సిద్ధంగా ఉండాలి. రేడియో ఆగిన క్షణం నుంచి సంఘాల ఆడవాళ్ళే రేడియో. యంత్రం కంటే ముందు ఆ మనుషుల వరస కట్టుకోవాలి.

ఇంకొక మాట కూడా అనాలి. రేడియో కప్పును పట్టి ఆపదు. గట్టి ఇల్లు, మెరక మీద స్థలం, మరుగుదొడ్డి ఉన్న తుపాను షెల్టరు ఇవ్వకుండా "కబురు చెప్పాం కదా" అని ప్రభుత్వం చేతులు దులుపుకుంటే ఒప్పుకునేది లేదు. పొమ్మని చెప్పడం సగం, పోయేందుకు చోటు ఇవ్వడం మిగతా సగం. ఆ చోటు ఏది అని రోజూ అడగడానికి కూడా రేడియో పనికొస్తుంది.

మిత్రులారా, 2024 ఫిబ్రవరి నాటికి దేశంలో 481 సామాజిక రేడియోలున్నాయి. అనుమతికి నమోదైన సంస్థ కావాలి, డబ్బు కావాలి, ఢిల్లీ చుట్టూ కాగితాలు తిరగాలి. అంతదాకా ఆగనక్కర్లేదు. మాచనూరు అక్కలు ఆగలేదు. వచ్చే అక్టోబరు లోపల మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి సంఘం ఒక సాయంత్రం కూచుని తమ ఊళ్ళో ఏ ఇళ్ళు ముందు మునుగుతాయి, ఎవరు నడవలేరు, ఎవరు ఒంటరిగా ఉంటారు, బడి తాళంచెవి ఎవరి దగ్గరుంది రాసుకోవాలి. ఆ వివరాలు, పైన చెప్పిన జాగ్రత్తలు తమ గొంతుతో, తమ యాసలో ఫోన్లో రికార్డు చేసి సంతలో, రేషను షాపు దగ్గర, సంఘం కూటంలో వినిపించాలి. జలాశయాల గేట్లు ఎత్తే ముందు కబురు ఏ ఊళ్ళకు ఎలా వస్తుందో కలెక్టరు గారికి అర్జీ పెట్టి రాతపూర్వకంగా జవాబు అడగాలి. ఆకాశవాణి వాళ్ళను కలిసి తుపాను కాలంలో మన మండలాల ఆడవాళ్ళ గొంతుకు కొన్ని నిమిషాలు అడగాలి. ఇంట్లో అటక మీద పడున్న ట్రాన్సిస్టరుకు రెండు కొత్త సెల్లు వేసి, అది ఇంటి ఆడమనిషి చేతికి అందే చోట పెట్టాలి. ఇదంతా చేశాక లైసెన్సుకు దరఖాస్తు పెడదాం. అప్పటికి మనకు రేడియో లేకపోయినా రేడియో వాళ్ళం అయ్యుంటాం.

ఆ పల్లెకు తర్వాత చాలాసార్లు వెళ్ళాను. హుద్‌హుద్ రోజు ఆ పెద్దావిడ పాక ఊడిపోయింది. గేదెని తనే విప్పేసింది, బతికింది. "ఎవులు సెప్పారు పిన్నీ ఇప్పమని?" అని అడిగాను.

"ఎవులు సెప్తారు? నానే అనుకున్నాను" అంది.

ఆమెకు తెలుసు. ఆమెకు తెలిసింది పక్క పేటకు తెలీదు. అక్కడ పలుపులు విప్పలేదు. ఆమె గొంతు పక్క పేట దాకా వినపడే దారి ఒకటి వెయ్యాలి, అంతే. ఈసారి "జాగ్రత్తగా ఉండండి" అని వచ్చెయ్యకుండా, మైకు ఆమె ముందు పెట్టి మనం పక్కన కూచుందాం.